స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌ల వెర్షన్ ఎంపిక – తెలుగు, కోయ భాషల స్థానం: భద్రాచలం మన్యం నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

లినక్స్ ఆధారిత స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లు అనేక పంపిణీలుగా, ఒక్కో పంపిణీ అనేక వెర్షన్లుగా లభిస్తున్నాయి. వీటిలో దేనిని ఎంచుకోవాలనే ప్రశ్నకు కొత్తదనం, వేగం, తెర అందం అనే మూడింటి ఆధారంగానే సమాధానం చెప్పడం పరిపాటి. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దులోని ఆశ్రమ పాఠశాల విద్యార్థిని దృష్టిలో ఉంచుకుంటే ఈ ప్రమాణాలు చాలవు. అక్కడ ఇంట్లో కోయ, బడిలో తెలుగు, తెరమీద ఇంగ్లీషు అనే మూడు భాషల మెట్లున్నాయి. మద్దతు గడువు, పాత యంత్రంతో పొత్తు, తెలుగు అనువాద స్థితి, లిపి సామర్థ్యం అనే నాలుగు ప్రమాణాలతో ప్రధాన పంపిణీలను పరిశీలించి, వెర్షన్ ఎంపిక సాంకేతిక నిర్ణయమే కాక భాషా నిర్ణయం కూడా అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, లినక్స్, డెబియన్, ఉబుంటు, స్థానికీకరణ, కోయ భాష, గోండి లిపులు, భద్రాచలం.

1. ప్రవేశిక

కంప్యూటర్‌లోని యంత్రభాగాలకూ వాటిని వాడే మనిషికీ నడుమ నిలిచే మూల ప్రోగ్రాం ఆపరేటింగ్ సిస్టమ్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1991లో లినస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన లినక్స్ కెర్నల్ కలిసి, ఎవరైనా వాడుకోగల, పరిశీలించగల, మార్చగల, పంచిపెట్టగల ఆపరేటింగ్ సిస్టమ్‌కు రూపమిచ్చాయి. మార్చే హక్కు అందరికీ ఉండడం వల్ల రూపాలు పెరిగాయి. రూపాలు పెరిగినకొద్దీ ఎంపిక కష్టమైంది.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడం ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, నిర్దేశిత తరానికి చెందిన ప్రాసెసర్ తప్పనిసరి కావడంతో, చక్కగా పనిచేస్తున్న అనేక పాత యంత్రాలు అర్హత కోల్పోయాయి. కొత్త యంత్రాలు కొనగల సంస్థలకు ఇది ఖర్చుకు సంబంధించిన సమస్య మాత్రమే. దాతలు ఇచ్చినవీ, పట్టణ కార్యాలయాలు వాడి వదిలినవీ దిక్కైన బడికి మాత్రం కంప్యూటర్ విద్య ఉంటుందా లేదా అన్నదే ప్రశ్న.

ఈ వ్యాసం భద్రాచలం మన్యాన్ని ప్రమాణ క్షేత్రంగా తీసుకుంటుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా 2016 అక్టోబర్ 11న ఖమ్మం జిల్లా నుంచి ఏర్పడింది. చర్ల, దుమ్ముగూడెం మండలాలు ఛత్తీస్‌గఢ్ అడవులను ఆనుకొని ఉన్నాయి. 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతోపాటు, పట్టణం మినహా భద్రాచలం మండలం, బూర్గంపాడు మండలంలో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఫలితంగా గోదావరి, శబరి నదుల పరిసరాల్లో ఒకే కోయ సమాజం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా అనే నాలుగు రాష్ట్రాల పాఠ్యప్రణాళికల కింద చదువుకుంటోంది. ఏ బడిలో ఏ సాఫ్ట్‌వేర్ ఉందో లెక్కించడం ఈ వ్యాస పరిధి కాదు. ఇటువంటి బడికి ఏది తగినదో నిర్ణయించే ప్రమాణాలను విచారించడమే దీని పరిధి.

2. పంపిణీ, వెర్షన్: పరంపర విచారణ

తాళపత్ర ప్రతులను పోల్చి పాఠనిర్ణయం చేసే పద్ధతి తెలుగు పరిశోధకులకు కొత్త కాదు. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలను ప్రకటించిన నాటి నుంచీ పరిష్కర్తలు అనుసరిస్తున్న సూత్రం ఒకటుంది. ప్రతి పాతదైనంత మాత్రాన శుద్ధం కాదు, కొత్తదైనంత మాత్రాన అశుద్ధం కాదు. అది ఏ పరంపరలోంచి వచ్చింది, ఎవరి చేతిమీదుగా వచ్చింది అన్నది ముందు చూడాలి. లినక్స్ పంపిణీల విషయంలోనూ ఈ విచారణ అవసరం.

కెర్నల్‌కు వందలాది ఉపకరణాలను చేర్చి, వాటిని పరీక్షించి, ఒక్క కట్టగా అందించడాన్ని పంపిణీ అంటారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ ఇప్పటికీ స్వచ్ఛంద సమూహం చేతిలోనే ఉంది. 2004లో డెబియన్ పునాదిపై కెనానికల్ సంస్థ ఉబుంటును తెచ్చింది. ఉబుంటు పునాదిపై లినక్స్ మింట్ వచ్చింది. సి-డాక్ రూపొందించి 2007లో విడుదల చేసిన 'బాస్' కూడా డెబియన్ సంతతే. కేరళ పాఠశాలల కోసం తయారైన వెర్షన్లు ఉబుంటును ఆధారం చేసుకున్నాయి. పేర్లు వేరైనా వీటన్నిటి వంశవృక్షం ఒక్కటే. కాబట్టి 'ఏ పంపిణీ గొప్పది?' అని అడగడం కన్నా 'ఈ వంశంలో ఏ కొమ్మ మీద బరువు మోపవచ్చు?' అని అడగడం సమంజసం.

ఒకే పంపిణీలోనూ భేదాలున్నాయి. డెబియన్‌లో 'స్టేబుల్', 'టెస్టింగ్', 'అన్‌స్టేబుల్' అనే మూడు దశలు ఏకకాలంలో నడుస్తాయి. ఉబుంటు ఏటా ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో వెలువడుతుంది. సంవత్సరం, నెల కలిసి వెర్షన్ సంఖ్యగా మారతాయి. 24.04 అంటే 2024 ఏప్రిల్ విడుదల. రెండేళ్లకు ఒకసారి ఏప్రిల్‌లో వచ్చేది దీర్ఘకాల మద్దతు వెర్షన్. మిగిలినవి మధ్యంతర వెర్షన్లు.

3. మద్దతు గడువు: మొదటి ప్రమాణం

వెర్షన్ విడుదల తేదీని అందరూ చూస్తారు. ముగింపు తేదీని చూసేవారు తక్కువ. ఉబుంటు మధ్యంతర వెర్షన్లకు మద్దతు తొమ్మిది నెలలే. ఫెడోరాకు సుమారు పదమూడు నెలలు. ఉబుంటు దీర్ఘకాల వెర్షన్లకు ప్రామాణిక మద్దతు ఐదేళ్లు. అయితే అదే కుటుంబంలో తేలికపాటి తెరతో వచ్చే లుబుంటు, జుబుంటు వంటి వాటికి దీర్ఘకాల వెర్షన్లలో కూడా మూడేళ్లే. పాత యంత్రానికి ఉబుంటు సంతతిలో తేలికైనది కావాలనుకునే బడి, తనకు తెలియకుండానే రెండేళ్ల మద్దతును వదులుకుంటుంది. డెబియన్ స్టేబుల్‌కు మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాల మద్దతు కలిపి ఐదేళ్లు లభిస్తుంది. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 దీర్ఘకాల మద్దతు 2028 జూన్ చివరి వరకు ఉంటుంది.

మన్యంలో ఈ అంకెలకు ప్రత్యేకమైన అర్థం ఉంది. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48కి చేరితే రెండో, 53కి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. వరద కాలంలో దారులు తెగిపోయే ఊళ్లలో సాంకేతిక నిపుణుడు అనుకున్న రోజుకు రాలేడు. నెట్‌వర్క్ నిలకడగా అందని చోట గిగాబైట్ల కొద్దీ నవీకరణలు దిగుమతి కావు. తొమ్మిది నెలలకొకసారి మొత్తం వ్యవస్థను మార్చమని కోరే వెర్షన్ అటువంటి చోట ఒక విద్యాసంవత్సరం కూడా సురక్షితంగా నిలవదు. ఈ ప్రమాణం ప్రకారం మధ్యంతర వెర్షన్లు మొదటి వడపోతలోనే పక్కకు పోతాయి.

గడువును ప్రకటించినవారెవరు అన్నది కూడా గమనించాలి. సెంటాస్ 8కి 2029 వరకు మద్దతు ఉంటుందని వాడుకరులు నమ్మారు. 2020 డిసెంబర్‌లో దానిని 2021 చివరికే ముగిస్తున్నట్లు ప్రకటన వెలువడింది. స్వేచ్ఛా లైసెన్సు ఉన్నందువల్ల ఆ కోడ్ నుంచే రాకీ లినక్స్, ఆల్మా లినక్స్ పుట్టుకొచ్చి వాడుకరులను ఆదుకున్నాయి. అయినా ఆ మార్పును చేపట్టగల నిపుణులు నగరాల్లోని సంస్థలకు ఉంటారు. ఆశ్రమ పాఠశాలకు ఉండరు. అందువల్ల గడువు పొడవుతోపాటు మాట నిలబెట్టుకున్న చరిత్ర కూడా ప్రమాణంలో భాగం కావాలి.

దిగుమతి సమస్యకు డెబియన్ సంప్రదాయంలో ఒక వెసులుబాటు ఉంది. దాని మొదటి డీవీడీ ప్రతితో నెట్ అవసరం లేకుండానే తెరతో సహా వ్యవస్థను స్థాపించవచ్చు. భద్రాచలంలోనో కొత్తగూడెంలోనో ఒక్కచోట ప్యాకేజీల భాండాగారాన్ని హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించుకుంటే, చర్ల వరకు ఎన్ని బడులకైనా దానినే మోసుకుపోవచ్చు. తెలుగు వికీపీడియాను కూడా కివిక్స్ అనే ఉపకరణం ద్వారా నెట్ లేకుండా చదువుకునే వీలుంది.

4. యంత్రం వయసు: రెండో ప్రమాణం

కొత్త వెర్షన్ అన్నివిధాలా మెరుగైనదనే అభిప్రాయం పాత యంత్రం ముందు నిలవదు. 2025 ఆగస్టు 9న విడుదలైన డెబియన్ 13, 32-బిట్ పీసీలకు కెర్నల్‌నూ స్థాపక ప్రోగ్రాంనూ ఇవ్వడం మానేసింది. ఉబుంటు ప్రధాన వెర్షన్ 2017 అక్టోబర్ విడుదల నుంచే 32-బిట్ స్థాపక ప్రతిని వదిలేసింది. కాబట్టి 32-బిట్ యంత్రాలున్న చోట డెబియన్ 12 ఆచరణయోగ్యమైన చివరి మెట్టు. 64-బిట్ యంత్రాలున్న చోట డెబియన్ 13కు వెళ్లవచ్చు.

తెర ఎంపిక ఇంకొక అంశం. గ్నోమ్ తెర చూడడానికి సొగసుగా ఉన్నా మెమరీని ఎక్కువగా వాడుకుంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ, ఎల్ఎక్స్‌క్యూటీ వంటివి తక్కువ మెమరీతో సరిపెట్టుకుంటాయి. డెబియన్‌లో ఏ తెరను ఎంచుకున్నా మద్దతు గడువు ఒక్కటే. లుబుంటు విషయంలో కనిపించిన మూడేళ్ల పరిమితి ఇక్కడ వర్తించదు. బీద బడికి తక్కువ గడువు, కలిగిన బడికి ఎక్కువ గడువు అనే తేడా రాకపోవడం సాంకేతిక సౌలభ్యం మాత్రమే కాదు, న్యాయం కూడా.

5. తెరమీది తెలుగు: మూడో ప్రమాణం

కంప్యూటర్ పత్రికల తులనాత్మక సమీక్షల్లో సాధారణంగా చోటు దొరకని ప్రమాణం ఇది. లినక్స్ తెరమీది తెలుగు ఒక బృహత్ అనువాద గ్రంథం. దానిని అనువాద గ్రంథంగానే విమర్శించాలి.

ముందు అనువాదం పనిచేసే తీరు తెలియాలి. గెట్‌టెక్స్ట్ అనే విధానంలో మూలంలోని ఇంగ్లీషు వాక్యానికి ఎదురుగా తెలుగు వాక్యాన్ని భద్రపరుస్తారు. కొత్త వెర్షన్‌లో ఇంగ్లీషు వాక్యం కొద్దిగా మారినా పాత తెలుగు వాక్యానికి 'సందిగ్ధం' అనే గుర్తు పడుతుంది. అనువాదకుడు చూసి ఖాయం చేసేవరకు అది తెరమీదికి రాదు. ఆ చోట ఇంగ్లీషే కనిపిస్తుంది. గ్నోమ్ ఆరునెలలకొకసారి విడుదలవుతుంది. స్వచ్ఛంద అనువాదకులు కొద్దిమందే ఉన్న భాషలో వారి వేగం ఆ విడుదలల వేగాన్ని అందుకోలేకపోతే, వెర్షన్ కొత్తదయ్యేకొద్దీ తెరమీద తెలుగు తగ్గుతుంది. 'కొత్తది మేలు' అనే సూత్రాన్ని తెలుగు వాడుకరి విషయంలో తిరగరాయవలసిన కారణం ఇదే. గ్నోమ్ ఏ వెర్షన్‌లో ఎంత శాతం తెలుగు ఉందో అనువాద బృందాలు బహిరంగంగా నమోదు చేస్తాయి. స్థాపనకు ముందు ఆ పట్టికను చూడడం ఎంపికలో భాగం కావాలి.

అనువాదం ఎంత ఉందన్నదాని తరువాత, ఎలా ఉందన్నది చూడాలి. ఫైలుకు వాడిన 'దస్త్రం' చక్కని ఎంపిక. పారశీక మూలం నుంచి వచ్చి, రెవెన్యూ కచేరీల ద్వారా పల్లె నోట నానిన మాట అది. పట్టా కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగిన గిరిజన రైతుకు కూడా అర్థమవుతుంది. చెత్తబుట్ట, సహాయం, సవరణ వంటివీ సులువుగా ఒదిగాయి. ఫోల్డరుకు వాడిన 'సంచయం' విషయంలో ఆ మాట చెప్పలేం. సంచయం అంటే పోగు, కూర్పు. దస్త్రాలను దాచుకునే చోటు అనే భావం అందులో లేదు. 'అర' అనే దేశిపదం బీరువా గుర్తుకు తెచ్చి ఆ భావాన్ని ఇట్టే ఇస్తుంది. లేదా అందరి నోటా ఉన్న 'ఫోల్డర్' అనే మాటనే ఉంచవచ్చు. ఒకే పనికి ఒక ప్రోగ్రాంలో 'అమరికలు', మరొకదానిలో 'అభిరుచులు' అని ఉండడం విద్యార్థిని గందరగోళపరుస్తుంది.

క్రియారూపాల్లో అసమానత మరింత స్పష్టం. కొన్ని చోట్ల 'ఎంచుకొనుము' వంటి గ్రాంథిక రూపాలు, మరికొన్ని చోట్ల 'ఎంచుకోండి' వంటి వ్యావహారిక రూపాలు కనిపిస్తాయి. వేరువేరు బృందాలు, వేరువేరు కాలాల్లో పనిచేయడం దీనికి కారణం. పరిష్కర్త లేని సంకలన గ్రంథంలా తయారైన ఈ తెలుగును సరిదిద్దడానికి భాషాజ్ఞానం ఉన్నవారు కావాలి. ఇంతకాలం ఈ భారాన్ని ఎక్కువగా ఇంజనీరింగ్ విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు మోశారు. తెలుగు శాఖలు దీనిని తమ పనిగా భావించలేదు. నిఘంటు నిర్మాణం, అనువాద సిద్ధాంతం, మాండలిక పరిశోధన చేసే శాఖలకు ఇంతకన్నా సన్నిహితమైన క్షేత్రం మరొకటి లేదు.

ఖతుల విషయంలో పరిస్థితి మెరుగ్గా ఉంది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఖతులు, లోహిత్ తెలుగు స్వేచ్ఛా లైసెన్సుతో డెబియన్, ఉబుంటు భాండాగారాల్లో ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ వంటి టైపింగ్ పద్ధతులన్నీ లభిస్తాయి. అయితే యూనికోడ్‌కు ముందరి ఖతులతో తయారైన గ్రంథాలు, సిద్ధాంత వ్యాసాలు వేరే సమస్య. వాటిలో తెలుగు ఆకృతులు రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఖతి లేని యంత్రంలో అవి అర్థంలేని అక్షరాలుగా మారతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ మార్పును వాయిదా వేయడానికి అధ్యాపకులు చెప్పే కారణాల్లో ఇది బలమైనదే. కాని ఆ గ్రంథాలను యూనికోడ్‌లోకి మార్చవలసిన అవసరం విండోస్‌లో కొనసాగినా తప్పదు. కనుక ఇది మార్పుకు ముందు చేయవలసిన పనే తప్ప, మార్పు వద్దనడానికి హేతువు కాదు.

6. కోయ భాష, లిపి సామర్థ్యం: నాలుగో ప్రమాణం

'తెలుగులో ఉంది కాబట్టి పిల్లలకు సొంతభాషలో ఉంది' అనే భావన భద్రాచలం దాటి అడవిలోకి వెళ్లగానే చెదిరిపోతుంది. కోయ గోండికి అతి సన్నిహితమైన ద్రావిడ భాషారూపం. గోదావరి ఒడ్డు గొమ్ము కోయల మాండలికంపై స్టీఫెన్ టైలర్ రాసిన వర్ణనాత్మక వ్యాకరణం 1969లోనే వెలువడింది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు తెలుగు బడిభాష. 'సంచయం' వంటి తత్సమం ఆ బడిభాషలోనూ పైమెట్టు. ఇంగ్లీషు తెరకు బదులు సంస్కృత భూయిష్ఠమైన తెలుగు తెరను పెడితే, ఆ పిల్ల దృష్టిలో తెలియని ఒక భాష స్థానంలోకి సగం తెలిసిన మరో భాష వచ్చినట్లే.

ఈ సంబంధాన్ని నూరేళ్లకు పూర్వమే గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. తెలుగు బోధనలో జీవద్భాష ఉండాలని పోరాడిన గిడుగే, సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలని శ్రమించారు. సవర భాషపై ఆయన రచించిన వివరణ గ్రంథం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఆయన దృష్టిలో ఈ రెండు ఉద్యమాలకూ మూలసూత్రం ఒక్కటే: చదువు పిల్ల నోటి భాష నుంచి మొదలుకావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషాధారిత బహుభాషా విద్యను ప్రారంభించినప్పుడు ఖమ్మం జిల్లాలో కోయ వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. వాచకంలో దొరికిన ఆ చోటు కంప్యూటర్ తెరమీద కోయకు ఇంకా దొరకలేదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా స్థాపన జాబితాల్లో తెలుగు ఉంది, కోయ లేదు.

అయినా చోటు కల్పించే మార్గం ఈ వ్యవస్థల నిర్మాణంలోనే ఉంది. గెట్‌టెక్స్ట్ విధానం ఒకే భాషతో ఆగిపోదు. ముందు కోయ, అది లేనిచోట తెలుగు, అదీ లేనిచోట ఇంగ్లీషు అని వరుస నిర్దేశించవచ్చు. అంటే వేలాది వాక్యాలన్నీ అనువాదమయ్యేదాకా ఆగనక్కరలేదు. తెరువు, మూయి, దాచు, గీయి, వెనక్కి వంటి రెండు వందల మాటలను కోయ మాట్లాడే ఉపాధ్యాయులు నిర్ణయిస్తే, అవి మొదటిరోజు నుంచే తెరమీద కనిపిస్తాయి. మిగిలినచోట తెలుగు ఆదుకుంటుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్ వంటి పెద్ద ప్రోగ్రాంలకు వేరే అనువాద ఏర్పాట్లు ఉన్నా, తెర, ఫైళ్ల ఉపకరణం, చిన్న ప్రోగ్రాంలు చాలావరకు ఈ పద్ధతిలోకే వస్తాయి. మూలకోడ్‌పై హక్కు లేని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఈ పనికి యజమాని సంస్థ అనుమతి, ఆసక్తి రెండూ కావాలి. కోయ వంటి భాషకు స్వేచ్ఛా లైసెన్సు విలువ ధరలో కన్నా ఇందులోనే ఎక్కువగా ఉంది.

లిపి విషయంలో మాత్రం కొత్త వెర్షన్ వాదానికి బలం చేకూరుతుంది. మసరాం గోండి లిపి 2017 జూన్‌లో యూనికోడ్ 10.0 ద్వారా, ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామం పేరుమీద ప్రసిద్ధమైన గుంజాల గోండి లిపి 2018 జూన్‌లో యూనికోడ్ 11.0 ద్వారా ప్రమాణంలోకి వచ్చాయి. 2018 ఏప్రిల్ నాటి ఉబుంటు 18.04 విడుదలయ్యేనాటికి గుంజాల గోండికి యూనికోడ్‌లో స్థానమే లేదు. ఖతిని మాత్రం తెచ్చిపెట్టినా చాలదు. అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలకూ ఆ లిపి తెలిసి ఉండాలి. అందువల్ల పాతదానిని పట్టుకుని ఉండడం అన్నివేళలా వివేకం కాదు. గోండి, కోయ సమాజాల భాషా సంపదను భద్రపరచదలచిన కేంద్రానికి కనీసం 2019 తరువాతి వెర్షన్ అవసరం. డెబియన్ 12, 13 రెండూ ఈ అవసరాన్ని తీరుస్తాయి.

7. ప్రత్యేక పంపిణీల సమీక్ష

తెలుగువారి కోసం ప్రత్యేక ఆపరేటింగ్ సిస్టమ్ కావాలనే ఆలోచన నుంచి 2000 దశకం మధ్యలో 'స్వేచ్ఛ' రూపుదిద్దుకుంది. అదే పేరుగల స్వచ్ఛంద సంస్థ, విద్యార్థి కార్యకర్తలు దీనికి వెన్నుదన్ను. పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ'ను కూడా తెచ్చారు. తెలుగును కంప్యూటర్ తెరమీద సహజమైన విషయంగా చూపడంలో, అనువాదాన్ని కళాశాల విద్యార్థుల సామూహిక కార్యక్రమంగా మార్చడంలో ఈ కృషి చారిత్రకమైనది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సి-డాక్ 'బాస్'ను అనేక భారతీయ భాషల మద్దతుతో, పాఠశాలల కోసం 'ఎడ్యుబాస్' రూపంలోనూ అందించింది.

ఈ రెండింటి విలువను అంగీకరిస్తూనే ఒక నిర్మాణాత్మక పరిమితిని గుర్తించాలి. పిల్ల పంపిణీ ఆయుష్షు తల్లి పంపిణీ ఆయుష్షును మించదు. తల్లి వెర్షన్ మారిన ప్రతిసారీ పిల్ల పంపిణీని కొత్తగా కూర్చి పరీక్షించాలి. దానికి నిరంతర నిధులో, నిరంతర కార్యకర్తలో కావాలి. ప్రత్యేక పంపిణీలో మాత్రమే ఉన్న మంచి అనువాదం, ఆ పంపిణీ ఆగిపోతే దానితోపాటే మరుగున పడుతుంది. మూలధారలో చేర్చిన అనువాదం డెబియన్, ఉబుంటు, బాస్ అన్నిటికీ ఒకేసారి చేరుతుంది. పాఠపరిష్కరణ పరిభాషలో చెప్పాలంటే, సవరణను ఒక్క ప్రతి అంచున రాసుకోవడం కన్నా మాతృకలో చేర్చడం శ్రేయస్కరం.

కేరళ అనుభవం దీనికి మరో కోణాన్ని చూపుతుంది. 2001లో మొదలైన ఐటీ@స్కూల్ ప్రాజెక్టు 2017లో 'కైట్' సంస్థగా మారింది. అది ఉబుంటు దీర్ఘకాల వెర్షన్లను ఆధారం చేసుకుని 18.04, 22.04 పాఠశాల వెర్షన్లను విడుదల చేసింది. అక్కడ పిల్ల పంపిణీ నిలవడానికి కారణం పంపిణీ ప్రత్యేకత కాదు. పాఠ్యపుస్తకం, ఉపాధ్యాయ శిక్షణ, పరీక్ష మూడూ అదే సాఫ్ట్‌వేర్‌తో ముడిపడ్డాయి. ఆ మూడూ లేనిచోట ఎంత మంచి పంపిణీ అయినా డీవీడీ రూపంలోనే మిగులుతుంది.

8. అభ్యంతరాలు – సమాధానాలు

డెబియన్ స్టేబుల్ పట్ల వినవచ్చే ప్రధాన అభ్యంతరం, అందులో తప్పు అనువాదం కూడా రెండేళ్లపాటు అలాగే నిలిచిపోతుందన్నది. ఇది నిజమే. కాని నిలకడగా ఉన్న తప్పు ఉపాధ్యాయుని కంట పడుతుంది, చర్చకు వస్తుంది, తరువాతి వెర్షన్‌కు సవరణగా వెళ్తుంది. ఆరునెలలకొకసారి మారే తెరలో తప్పును గుర్తించేలోపే తెర మారిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్పే ఉపాధ్యాయుడు తయారుచేసుకున్న పాఠం కూడా రెండేళ్లపాటు పనికివస్తుంది.

ఉద్యోగాల్లో విండోసే ఉంటుంది కాబట్టి పిల్లలకు అదే నేర్పాలన్నది రెండో అభ్యంతరం. ఆరో తరగతి పిల్ల ఉద్యోగానికి వెళ్లే నాటికి ఏ వెర్షన్ ఉంటుందో ఎవరూ చెప్పలేరు. నేర్పవలసింది దస్త్రం, అర, వెతుకులాట, రాత, లెక్క అనే భావనలు. అవి ఏ వ్యవస్థలోనైనా ఒక్కటే. ఈ వాదంలో బలమున్న భాగం డిగ్రీ, పాలిటెక్నిక్ స్థాయికి వర్తిస్తుంది. అక్కడ రెండింటినీ పరిచయం చేయడం సముచితం.

సాంకేతిక సిబ్బంది, నిలకడైన నెట్, నాలుగు గిగాబైట్లకు మించిన మెమరీ ఉన్న భద్రాచలం, ఖమ్మం పట్టణ కళాశాలలకు ఉబుంటు 24.04 వంటి దీర్ఘకాల వెర్షన్ కూడా యోగ్యమైనదే. ఈ వ్యాసం దానిని తిరస్కరించదు. అడవి అంచు బడి పరిస్థితి వేరు గనుక దాని సమాధానమూ వేరు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. మన్యం పాఠశాలకు వెర్షన్ ఎంపికలో విడుదల తేదీ కన్నా ముగింపు తేదీ ముఖ్యం. మధ్యంతర వెర్షన్లు అనువైనవి కావు.

2. 32-బిట్ యంత్రాలకు డెబియన్ 12ను 2028 జూన్ వరకు, 64-బిట్ యంత్రాలకు డెబియన్ 13ను తేలికపాటి తెరతో ఎంచుకోవడం సముచితం. 2028 గడువులోపే 32-బిట్ యంత్రాల మార్పిడికి ఐటీడీఏ, విద్యాశాఖలు ప్రణాళిక వేసుకోవాలి.

3. తెలుగు అనువాద శాతాన్ని, నాణ్యతను ఎంపిక ప్రమాణంగా గుర్తించాలి. దానిని మెరుగుపరచే పనిని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు మూలధారలోనే చేపట్టాలి.

4. కోయ మాటలను ముందు, తెలుగును తరువాత నిలిపే భాషావరుస ఇప్పటికే సాధ్యం. పదాల నిర్ణయం కోయ మాట్లాడే ఉపాధ్యాయుల చేతిలో ఉండాలి.

5. కోయ సమాజం నాలుగు రాష్ట్రాల్లో విస్తరించి ఉన్నందున, ఒక రాష్ట్రానికి పరిమితమైన ప్రత్యేక పంపిణీ కన్నా అందరికీ చేరే మూలధారే దానికి ఆసరా. చర్లలో నిర్ణయించిన కోయ మాట చింతూరులో, కుంటలో, మల్కాన్‌గిరిలో కూడా తెరమీదికి రావడానికి అదే దారి.

పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం చిన్నదే. ఒక్క మెనూలోని మాటలను తీసుకుని, వాటిని బడిపిల్లల ముందుంచి, ఏ మాట తెలిసింది, ఏ మాట ఆగిపోయేలా చేసింది అని నమోదు చేయాలి. ఆ జాబితా చేతిలో ఉన్నవారికి వెర్షన్ ఎంపిక ఊహగా మిగలదు, ఆధారంతో చేసే నిర్ణయమవుతుంది.